గుర్రప్పందెం: పంటర్ మనసు, పందెం సొమ్ము

గుర్రప్పందేల్లో డబ్బు కాసేవాణ్ణి రేసుకోర్సు భాషలో పంటర్ అంటారు. పంటర్ ముందు ఎప్పుడూ రెండు ప్రశ్నలుంటాయి. ఏ గుర్రం మీద కాయాలి అన్నది మొదటిది, ఎంత కాయాలి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చెప్పే పుస్తకాలకూ టిప్పులకూ కొదవ లేదు. గేటు దగ్గర పెన్సిళ్లు అమ్మేవాడు కూడా ఒక పేరు చెబుతాడు. రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అయితే రేసుల్లో ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ల కథలు తరచి చూస్తే, గుర్రాన్ని తప్పుగా ఎంచడం కన్నా సొమ్మును తప్పుగా కాయడమే ఎక్కువ చెరుపు చేసినట్టు కనిపిస్తుంది. ఈ రెండో ప్రశ్న చుట్టూ గత డెబ్బై ఏళ్లలో గణితమూ మనస్తత్వ శాస్త్రమూ కలిసి ఒక చిన్న విద్యను తయారుచేశాయి. ఆ విద్య మీద ఉన్న అపోహ ఒకటి మొదటే తీసేయాలి. సొమ్ము నియమం లాభాన్ని పుట్టించలేదు. ఉన్న లాభాన్ని కాపాడుతుంది. లాభం లేనిచోట నష్టాన్ని కొంత ఆలస్యం చేస్తుంది.

నలుడు చేసిన మారకం

గుర్రాలనూ జూదాన్నీ ఒకే కథలో కలిపిన ప్రాచీన రచనల్లో నలోపాఖ్యానం ఒకటి. మహాభారతం అరణ్యపర్వంలో, తెలుగులో నన్నయ రాసిన భాగంలో ఉంది. పుష్కరుడితో పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడన్న పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర చేరతాడు. రథం తోలడంలో అతన్ని మించినవాడు లేడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి, దాని ఆకులెన్నో కాయలెన్నో చూపుతోనే చెప్పేస్తాడు. నలుడు ఊరికే నమ్మడు. రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూసుకుంటాడు. లెక్క సరిపోతుంది. ఆ తర్వాత ఇద్దరూ విద్యలు మార్చుకుంటారు. గుర్రాల మర్మమైన అశ్వహృదయం నలుడు ఇస్తాడు, పాచికల మర్మమైన అక్షహృదయం ఋతుపర్ణుడు ఇస్తాడు. ఆ కాలంలో పాచికలుగా వాడింది తాండ్రకాయలనే కాబట్టి చెట్టు ఎంపిక కూడా యాదృచ్ఛికం కాదు. సంభావ్యత అన్న భావన ఎలా పుట్టిందో పరిశోధించి 1975లో పుస్తకం రాసిన తత్వవేత్త ఇయాన్ హాకింగ్ ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు.

రేసుల గురించి ఆలోచించేవాడికి ఈ కథలో పనికొచ్చేది ఒకటే. గుర్రాల గురించి తెలియాల్సిందంతా తెలిసిన మనిషి జూదంలో సర్వం పోగొట్టుకున్నాడు. తిరిగి గెలిచింది లెక్క నేర్చుకున్నాక. ఈ కథను బృహదశ్వుడనే ముని చెప్పింది కూడా ఇంకొక ఓడిన జూదరికే. ధర్మరాజు సభలో ధనం ఓడి, రాజ్యం ఓడి, తమ్ముళ్లను ఓడి, తనను ఓడి, చివరికి ద్రౌపదిని కాశాడు. ఓడేకొద్దీ పందెం పెరిగింది. ఈనాటి మనస్తత్వ శాస్త్రం పాఠంగా చెప్పే జబ్బు లక్షణం సరిగ్గా అదే.

పందెం ఎవరితో

రేసుకోర్సులో పందెం గుర్రంతో కాదు, గుర్రానికి కట్టిన రేటుతో. ఆ రేటు రెండు దారుల్లో తయారవుతుంది. బుక్‌మేకర్ అయితే తానే రేటు చెప్పి, పందెం తీసుకుంటాడు. టోట్ పద్ధతిలో అందరి డబ్బూ ఒక పూల్‌లో పడుతుంది. నిర్వాహకులు తమ వాటా కోసుకుని మిగతాది గెలిచినవాళ్లకు పంచుతారు. ఈ పద్ధతిని 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఓలే మొదలుపెట్టాడు. లెక్క చేత్తో వేయలేనంత పెరిగాక, జార్జ్ జూలియస్ అనే ఇంజినీరు కట్టిన యాంత్రిక టోటలైజేటర్ 1913లో న్యూజిలాండ్‌లోని ఎలర్స్‌లీ రేసుకోర్సులో పనిచేయడం ప్రారంభించింది. భారతదేశంలో రేసుకోర్సుల్లో టోట్, లైసెన్సు ఉన్న బుక్‌మేకర్లు పక్కపక్కనే ఉంటారు. విన్, ప్లేస్ దగ్గర్నుంచి మొదటి మూడు గుర్రాల వరుస చెప్పాల్సిన తానాలా, వరుసగా ఐదు రేసుల విజేతలను పట్టాల్సిన జాక్‌పాట్ దాకా రకరకాల పూల్స్ ఉంటాయి.

రెండు దారుల్లోనూ పందెం నడిపేవాళ్లు తమ వాటా ముందే తీసుకుంటారు. ఉదాహరణకు ఐదు గుర్రాల రేసులో, పెట్టిన రూపాయి కాక, రూపాయికి ఒకటిన్నర, రెండు, నాలుగు, ఆరు, పది రూపాయల చొప్పున రేట్లున్నాయనుకుందాం. ఆ రేట్ల వెనకున్న గెలుపు అవకాశాలను శాతాల్లో రాస్తే 40, 33.3, 20, 14.3, 9.1. కూడితే 116.7. నిజానికి ఏదో ఒక గుర్రమే గెలవాలి కాబట్టి మొత్తం 100 కావాలి. మిగిలిన 16.7 బుకీ కూలి. ఆ ఐదింటి మీదా ఆ దామాషాలోనే డబ్బు పంచి కాస్తే, ఏది గెలిచినా 116 రూపాయల 70 పైసలు పెట్టి 100 వెనక్కి తెచ్చుకున్నట్టు.

కాబట్టి గెలిచే గుర్రాన్ని పట్టడం చాలదు. ఆ గుర్రానికి రావాల్సిన దానికన్నా మంచి రేటు వచ్చిందా అని చూడాలి. నూటికి యాభైసార్లు గెలిచే గుర్రానికి రూపాయికి ఎనభై పైసలే వస్తుంటే, వందేసి రూపాయలు వందసార్లు కాసినవాడు వెయ్యి రూపాయలు పోగొట్టుకుంటాడు. నూటికి పాతికసార్లే గెలిచే గుర్రానికి రూపాయికి నాలుగు వస్తుంటే అదే వంద పందేల్లో రెండున్నర వేలు మిగులుతాయి. మొదటివాడు యాభైసార్లు గెలిచి ఓడాడు. రెండోవాడు డెబ్బై అయిదుసార్లు ఓడి గెలిచాడు. పంటర్లు దీన్ని వాల్యూ అంటారు. అర్థం చేసుకోవడం సులువు. డెబ్బై అయిదుసార్లు ఓడుతూ మనసును నిలబెట్టుకోవడం మాత్రం చాలా తక్కువమందికి చాతనవుతుంది. నిజానికి ఈ వ్యాస విషయమంతా ఈ ఇరుకు సందులోనే ఉంది.

మనసు వేసే ఎత్తులు

మనుషులు అనిశ్చితిలో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశీలించడానికి రేసుకోర్సు మంచి ప్రయోగశాల. అక్కడ డబ్బు నిజం, సమయం తక్కువ, ఫలితం రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అందుకే మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు నోటుపుస్తకాలతో అక్కడికి వెళ్లారు.

1968లో రాబర్ట్ నాక్స్, జేమ్స్ ఇంక్‌స్టర్ అనే ఇద్దరు కెనడాలోని వాంకూవర్ రేసుకోర్సులో రెండు డాలర్ల కౌంటర్ దగ్గర నిలబడ్డారు. టికెట్ కొనబోతున్న 69 మందిని, అప్పుడే కొని బయటికి వస్తున్న 72 మందిని ఒకే ప్రశ్న అడిగారు: మీ గుర్రం గెలుస్తుందని ఎంత నమ్మకం? ఏడు పాయింట్ల కొలబద్ద మీద కొనకముందు వాళ్ల మధ్యస్థ విలువ 3.48, కొన్నాక వాళ్లది 4.81. మధ్యలో గుర్రం మారలేదు, జాకీ మారలేదు. మారిందల్లా డబ్బు చేతిలోంచి కౌంటర్‌లోకి వెళ్లడం. తీసుకున్న నిర్ణయాన్ని సమర్థించుకోవడానికి మనసుకు కొన్ని క్షణాలు చాలన్నమాట. పందెం కాశాక ఆ గుర్రం గురించి పంటర్ చెప్పే ఏ మాటకూ సాక్ష్యంగా విలువ లేదు.

అంతకన్నా చేదు నిజం పాల్ స్లోవిక్ 1973లో బయటపెట్టాడు. రేసుల అంచనాలో తలపండిన ఎనిమిదిమందిని పిలిచి, గుర్రం పాత ఫలితాలు, మోసే బరువు వంటి 88 అంశాల జాబితా ముందు పెట్టాడు. మొదట వాళ్లు ముఖ్యమనుకున్న ఐదు అంశాలే ఇచ్చాడు. తర్వాత పది, ఇరవై, నలభై. ప్రతిసారీ విజేతను చెప్పి, తమ నమ్మకమెంతో కూడా చెప్పమన్నాడు. ఐదు అంశాలున్నప్పుడు వాళ్లు సుమారు 17 శాతం రేసుల్లో సరిగ్గా చెప్పారు, నమ్మకం కూడా దాదాపు అంతే ఉంది. నలభై అంశాలు ఇచ్చేసరికి నమ్మకం 30 శాతం దాటింది. సరిగ్గా చెప్పినవి మాత్రం ఆ 17 దగ్గరే ఆగిపోయాయి. రేసు పుస్తకాన్ని తెల్లవార్లూ చదివి, మార్జిన్లలో ఎర్రసిరా గీతలు గీసుకుని వచ్చేవాడికి పెరిగేది చాలాసార్లు ధైర్యమే. ధైర్యం పెరిగితే పందెం పెరుగుతుంది. ప్రమాదం అక్కడుంది.

అలాగని నైపుణ్యం శుద్ధ భ్రమ కూడా కాదు. 1986లో స్టీఫెన్ సీసీ, జెఫ్రీ లైకర్ అమెరికాలోని డెలవేర్ రాష్ట్రంలో బండి కట్టి పరిగెత్తించే రేసులకు ఏళ్లతరబడి వస్తున్న 30 మందిని పరీక్షించారు. పందేలు ముగిసే సమయానికి ఏ గుర్రం ఫేవరెట్ అవుతుందో వాళ్లలో 14 మంది ఆశ్చర్యపడేంత కచ్చితంగా చెప్పగలిగారు. లోపల వాళ్లు వేసే లెక్క ఎన్నో అంశాలను ఒకదానితో ఒకటి ముడివేసుకునే చిక్కు లెక్క. దానికీ వాళ్ల ఐక్యూకీ సంబంధం కనిపించలేదు. కాబట్టి రేసు చదవడం నేర్చుకోదగ్గ విద్యే. ఆ విద్య పందెం నడిపేవాళ్లు తీసుకునే వాటాను దాటేంత ఉందా అన్నది వేరే ప్రశ్న.

మూడో ఎత్తు దూరపు గుర్రం మీది మోజు. గెలిచే అవకాశం బాగా తక్కువున్న గుర్రాల మీద జనం ఉండాల్సినదానికన్నా ఎక్కువ, ఫేవరెట్ల మీద తక్కువ కాస్తారని 1949లో గ్రిఫిత్ అనే మనస్తత్వవేత్త గమనించాడు. తర్వాత దేశదేశాల్లో ఇదే తేలింది. ఎరిక్ స్నోబర్గ్, జస్టిన్ వోల్ఫర్స్ అమెరికా రేసుల లెక్కలు తీసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, రూపాయికి వంద, అంతకు మించి రేటున్న గుర్రాల మీద కాస్తూ పోయినవాళ్లు పెట్టిన సొమ్ములో దాదాపు 61 శాతం పోగొట్టుకున్నారు. కళ్లుమూసుకుని ఏదో ఒకదాని మీద కాస్తే 23 శాతం, ప్రతిసారీ ఫేవరెట్ మీద కాస్తే 5.5 శాతం పోయింది. మూడు దారులూ నష్టానికే వెళ్తాయి, కానీ వేగాల్లో ఎంత తేడా! హాంకాంగ్‌లో మాత్రం ఈ మోజు కనిపించదని కెల్లీ బుష్, క్రిస్టఫర్ హాల్ 1988లో చూపించారు. అక్కడి పూల్స్ పెద్దవి, కాసేవాళ్లలో లెక్కలు చూసేవాళ్లు ఎక్కువ. ఆ ఊరి కథ ముందు వస్తుంది.

నాలుగోది సాయంత్రపు జబ్బు. 1956లో మెక్‌గ్లాత్లిన్ అనే పరిశోధకుడు రోజు చివరి రేసుకు వచ్చేసరికి పందేల తీరు మారుతుందని చూపాడు. అప్పటికి చాలామంది నష్టంలో ఉంటారు. మామూలు గుర్రం గెలిస్తే ఆ నష్టం పూడదు. దాంతో ఒక్క దెబ్బకు అంతా తిరిగి తెచ్చే దూరపు గుర్రం వైపు మొగ్గుతారు. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో తమ ప్రసిద్ధ సిద్ధాంతాన్ని రాసినప్పుడు ఈ రేసుకోర్సు సాయంత్రాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. పోయిన డబ్బును పోయిందని ఒప్పుకోని మనిషి, మామూలప్పుడు ముట్టుకోని పందేలను కూడా ముట్టుకుంటాడని వాళ్ల వాదన. మన సామెత కూడా ఇక్కడ చెడ్డ సలహాదారే. పోయినచోటే వెతుక్కోవాలని పెద్దలన్నది పొలంలో పడిన ఉంగరం సంగతి. ఉంగరం పడినచోటే ఉంటుంది. పూల్‌లో పడిన డబ్బు రేసు ముగిసిన పది నిమిషాల్లో వేరేవాళ్ల జేబుల్లోకి వెళ్లిపోతుంది.

ఎంత కాయాలి

సొమ్ము నియమంలో మొదటి మెట్టు ఇంటి డబ్బునూ రేసు డబ్బునూ విడదీయడం. అద్దె, ఫీజులు, చీటీ డబ్బు ముట్టుకోకుండా, మొత్తం పోయినా బతుకు కదలని ఒక మొత్తాన్ని పక్కన పెట్టుకోవడాన్ని పంటర్లు బ్యాంక్ అంటారు. ఇక్కడ మూలనిధి అందాం. ఆ తర్వాత ప్రతి పందెమూ దానిలో ఒక చిన్న భాగంగానే ఉండాలి.

చిన్న భాగం ఎందుకంటే, ఓటముల వరుస మనం ఊహించినదానికన్నా పొడుగ్గా ఉంటుంది. ఐదింట ఒకటి గెలిచే పంటర్‌ను తీసుకోండి. వంద పందేల్లో అతనికి ఎక్కడో ఒకచోట పదమూడు దాకా ఓటములు వరుసగా రావడం మామూలు సంగతి. పదింట ఒకటి గెలిచేవాడికి ఆ వరుస ఇరవై దాటుతుంది. ఇది దురదృష్టం కాదు, దిష్టి కాదు, జాకీ కుట్ర కాదు. ఉత్త అంకగణితం. ప్రతిసారీ మూలనిధిలో పదోవంతు కాసేవాడికి పదమూడు ఓటముల తర్వాత నాలుగోవంతు మిగులుతుంది. అక్కణ్ణుంచి మొదటికి రావాలంటే ఉన్నది నాలుగింతలు కావాలి. నూటికి రెండు కాసేవాడికి అదే వరుస తర్వాత ముప్పావుకు పైగా మిగిలే ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు నడిచేది రెట్టింపు పద్ధతి. మార్టింగేల్ అని పేరు. ఓడినప్పుడల్లా పందెం రెట్టిస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గెలిచి మొదటి వంద రూపాయల లాభం దక్కుతుందన్నది దాని ఆశ. వందతో మొదలుపెట్టి పదిసార్లు ఓడితే పోయింది 1,02,300 రూపాయలు. పదకొండో పందెం 1,02,400. ఇదంతా ఒక్క వంద కోసం. పైగా టోట్‌లో పెద్ద పందెం వేసినవాడు తన గుర్రం రేటును తానే పడగొట్టుకుంటాడు, ఎందుకంటే అతని డబ్బు కూడా అదే పూల్‌లో పడుతుంది. రెట్టింపు పద్ధతిని కనిపెట్టామని ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు అనుకుంటూనే ఉంటారు.

మరి సరైన భాగం ఎంత? ఈ ప్రశ్నకు కచ్చితమైన జవాబు 1956లో వచ్చింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ టెలిఫోన్ తీగల్లో సమాచారం ప్రవహించే వేగం గురించి రాస్తూ, ఫలితాలు ముందుగా తెలిసే ఒక జూదరిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ ముందస్తు వార్త పూర్తిగా నమ్మదగ్గది కానప్పుడు, దీర్ఘకాలంలో డబ్బు అన్నిటికన్నా వేగంగా పెరగాలంటే ప్రతిసారీ ఎంత భాగం కాయాలన్నది అతను తేల్చాడు. సూత్రం చిన్నదే. రూపాయికి వచ్చే రేటును గెలుపు అవకాశంతో గుణించి, అందులోంచి ఓటమి అవకాశం తీసేసి, మిగిలినదాన్ని రేటుతో భాగించాలి. నాలుగు రూపాయల రేటున్న గుర్రానికి గెలుపు అవకాశం పాతిక శాతం అనుకుంటే, నాలుగు పాతికలు ఒకటి, అందులోంచి ముప్పావు పోతే పావు, దాన్ని నాలుగుతో భాగిస్తే మూలనిధిలో 6.25 శాతం. లక్ష ఉన్నవాడు 6,250 కాయాలి. గెలుపు అవకాశం ఇరవై శాతమే అయితే జవాబు సున్నా. అంటే కాయకూడదు. కాయకపోవడాన్ని కూడా ఒక నిర్ణయంగా లెక్కగట్టిన సూత్రమిది. దాని అసలు గొప్పతనం నా లెక్కలో అదే.

నలుడు విద్య నేర్చుకుని వచ్చాక పుష్కరుడితో మళ్లీ ఆడి, ఉన్నదంతా ఒకే పందెంలో కాసి గెలిచాడు. కెల్లీ ఏమంటాడో చూస్తే సరదాగా ఉంటుంది. గెలుపు అవకాశం నూటికి నూరైతే సూత్రం చెప్పే భాగం కూడా నూటికి నూరే. అక్షహృదయం తెలిసినవాడికి అది చెల్లింది.

మనకు తెలిసింది అంచనా మాత్రమే. కెల్లీ లెక్కలోని ముల్లు ఇదే. పై ఉదాహరణలో పాతిక శాతం అనుకున్న గుర్రానికి నిజంగా ఉన్నది 22 శాతం అనుకోండి. ఇంకా అది లాభసాటి పందెమే. సరైన భాగం 2.5 శాతం. కానీ 6.25 శాతం చొప్పున కాస్తూ పోయినవాడి మూలనిధి మెల్లగా కరిగిపోతుంది. మంచి గుర్రాలనే ఎంచుకుంటూ, మంచి రేట్లే తీసుకుంటూ దివాళా తీసేవాడు ఇలాంటివాడే. అదే మనిషి సూత్రం చెప్పినదాంట్లో సగం కాసి ఉంటే, తప్పు అంచనాతో కూడా అతని డబ్బు దాదాపు గరిష్ఠ వేగంతోనే పెరిగేది. అందుకే ఆరితేరినవాళ్లు సగం కెల్లీ, పావు కెల్లీ అంటారు. పూర్తి కెల్లీతో ఆడేవాడి మూలనిధి ఎప్పుడో ఒకప్పుడు సగానికి పడే అవకాశం రెండింట ఒకటి. సగం కెల్లీతో అది ఎనిమిదింట ఒకటికి తగ్గుతుంది. పెరుగుదలలో వదులుకునేది పావు వంతే.

లెక్కలు ఇష్టం లేనివాళ్లకు పాత పద్ధతి ఒకటుంది. ఏ గుర్రానికైనా ఒకే మొత్తం, మూలనిధిలో నూటికి ఒకటో రెండో, సీజన్ మొత్తం మార్చకుండా. ఈ రోజు గట్టి నమ్మకం, కాబట్టి మూడింతలు అనే మాటకు ఇందులో చోటు లేదు. స్లోవిక్ ప్రయోగం గుర్తుంటే ఆ మొండితనం తెలివైనదే అనిపిస్తుంది.

హాంకాంగ్ ప్రయోగం

ఈ విద్యంతా ఒకచోట కలిసి నిజంగా ఫలించిన సందర్భం బిల్ బెంటర్‌ది. అమెరికాకు చెందిన బెంటర్ మొదట బ్లాక్‌జాక్ లెక్కలతో కాసినోల్లో ఆడేవాడు. 1980ల మధ్యలో అలాన్ వుడ్స్ అనే ఆస్ట్రేలియా ఆటగాడితో కలిసి హాంకాంగ్ చేరాడు. ఆ ఊరిని ఎంచుకోవడంలో తెలివుంది. రెండే రేసుకోర్సులు, మళ్లీ మళ్లీ తలపడే అవే గుర్రాలు, చాలా పెద్ద పూల్స్. రూత్ బోల్టన్, రాండల్ చాప్‌మన్ 1986లో ప్రచురించిన గణిత నమూనాను ఆధారం చేసుకుని, ప్రతి గుర్రానికీ గెలుపు అవకాశం కట్టే ప్రోగ్రాం రాశాడు. మొదటి సీజన్‌లో తెచ్చిన డబ్బులో చాలా భాగం పోయింది.

మలుపు తిప్పింది ఒక వినయమైన ఆలోచన. తన కంప్యూటర్ అంచనా ఒక్కదాన్నే నమ్మకుండా, జనం కట్టిన రేటును కూడా సమాచారంగా తీసుకుని రెండూ కలిపాడు. పొద్దున్నే గుర్రాల కసరత్తు చూసేవాళ్లకు, లాయం కబుర్లు వినేవాళ్లకు తెలిసిన సంగతులు తన నమూనాకు తెలియవని, అవి రేటులో ఇమిడి ఉంటాయని ఒప్పుకోవడమే ఆ వినయం. ఎంత కాయాలన్నదానికి కెల్లీలో ఒక భాగం. ఈ పద్ధతిని 1994లో ఒక వ్యాసంగా బయటపెట్టాడు కూడా. 2001 నవంబర్‌లో మూడు రేసుల్లో మొదటి మూడు గుర్రాలను పట్టాల్సిన ట్రిపుల్ ట్రియో అతని బృందానికి తగిలింది. పది కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైబడిన ఆ బహుమతిని వాళ్లు తీసుకోకుండా వదిలేశారు.

ఈ కథ విని ఉత్సాహపడేవాళ్లు కొన్ని సంగతులు గమనించాలి. అది జట్టుపని, ఏళ్ల తరబడి చేసిన పూర్తికాలపు ఉద్యోగం. సీజన్‌కు వందల రేసులు, ప్రతి గుర్రానికీ డేటా. విన్, ప్లేస్ పందేల మీద క్లబ్బు కోత 17.5 శాతం. ఆ కోతను దాటడానికే అంత యంత్రాంగం కావలసివచ్చింది.

పద్దు, అప్పు, వ్యసనం

పంటర్ నిజాయితీకి కొలబద్ద పద్దు పుస్తకం. తేదీ, రేసు, గుర్రం, తీసుకున్న రేటు, కాసిన మొత్తం, కాయకముందు తాను కట్టిన గెలుపు అవకాశం. ఆఖరిది రాసేవాళ్లు అరుదు, కానీ తన అంచనా ఎంత తప్పుతోందో తెలిపేది అదొక్కటే. పద్దు లేని జ్ఞాపకంలో గెలుపులు రంగుల్లో ఉంటాయి, ఓటములు మాసిపోతాయి.

అప్పు మీద ఆడించే దొంగ బుకీ ఈ నియమాలన్నిటినీ ఒక్క ఫోన్ కాల్‌తో చెరిపేస్తాడు. చేతిలోంచి డబ్బు కదలదు కాబట్టి నొప్పి తెలియదు. వారాంతపు లెక్కకు వచ్చేసరికి మూలనిధి ఉందన్న మాటే గుర్తుండదు. ఆ వ్యవహారం చట్టవిరుద్ధం కూడా.

2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రామాణిక గ్రంథం జూదపు రుగ్మతను మద్యం, మత్తుమందుల వ్యసనాల వరుసలోకి చేర్చింది. అది చెప్పిన తొమ్మిది లక్షణాల్లో నష్టాన్ని పూడ్చుకోవడానికి మర్నాడు మళ్లీ వెళ్లడం ఒకటి. ఎంత ఆడుతున్నదీ ఇంట్లో దాచడం మరొకటి. ఏడాదిలో నాలుగు కనిపిస్తే అది రుగ్మతే. అక్కడికి చేరినవాడికి సగం కెల్లీ పనికిరాదు, వైద్యం కావాలి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

మలక్‌పేట లెక్క

హైదరాబాద్‌లో రేసులు 1886లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. ఇప్పటికీ వానాకాలం, చలికాలం సీజన్లు అక్కడే జరుగుతున్నాయి. చట్టం దృష్టిలో గుర్రప్పందెం నైపుణ్యపు ఆట. 1996 జనవరి 12న సుప్రీంకోర్టు మద్రాసు రేసుల కేసులో ఇచ్చిన తీర్పుకు మూలం, గుర్రం సత్తానూ జాకీ నేర్పునూ అంచనా కట్టవచ్చన్న వాదనే. అంతకుముందు 1967లో రమ్మీని నైపుణ్యపు ఆటగా తేల్చిన తీర్పు కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో వచ్చిందే. అయితే నైపుణ్యం ఉందనడం ఒకటి, నైపుణ్యానికి గిట్టుబాటు ఉందనడం మరొకటి.

గిట్టుబాటును పన్ను తేల్చేసింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి రేసు పందేల మీద 28 శాతం ఉండేది. క్లబ్బు కమీషన్ మీద కట్టాలా, పందెం పూర్తి మొత్తం మీదా అన్న తగాదా కోర్టులకెక్కింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రేటు 40 శాతమైంది. వంద రూపాయల పందేనికి నలభై పన్ను కలిసి నూట నలభై చెల్లించాల్సి వస్తే లెక్క ఇలా ఉంటుంది. రూపాయికి రూపాయి వచ్చే గుర్రం మీద అసలు చేతికి రావాలంటే నూటికి యాభైసార్లు కాదు, డెబ్బైసార్లు గెలవాలి. రూపాయికి నాలుగు వచ్చే గుర్రం ఇరవైసార్లకు బదులు ఇరవై ఎనిమిదిసార్లు గెలవాలి. గెలిచిన మొత్తం పదివేలు దాటితే 30 శాతం ఆదాయపు పన్ను ముందే కోసుకుని ఇస్తారు. ఓడినదాన్ని అందులోంచి తీసేసుకునే వీలు చట్టంలో లేదు. శనివారం ఇరవై వేలు గెలిచి, ఆదివారం ఇరవై వేలు ఓడినవాడు ఆరు వేలు ఆదాయపు పన్ను కట్టి సోమవారం ఆఫీసుకు వెళ్లాలి.

మంచి పంటర్ ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించుకునే మొగ్గు నూటికి ఐదో పదో. నలభైని దాటే మొగ్గు ఏ పద్దు పుస్తకమూ, ఏ సూత్రమూ ఇవ్వలేదు. ఈ పన్ను ఉన్నంతకాలం మలక్‌పేటలో కాసే ప్రతి రూపాయినీ పెట్టుబడి పేజీలో కాక సినిమా టికెట్లు, సర్కస్ టికెట్లు రాసే ఖర్చు పేజీలో రాసుకోవడమే సరైన పద్దు.